పనిచేసేవాళ్లకే పని: ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో నా అనుభవం

"కొత్త బిచ్చగాడు పొద్దెరగడు" అనే సామెతను ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రోజూ వినేదాన్ని. రాష్ట్ర విభజనకు ముందు గ్రూప్-4 రాసి, గోదావరి జిల్లాల్లో ఒక శాఖ జిల్లా కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. పదిన్నరకు ఆఫీసంటే పదిన్నరకు సీట్లో ఉండేదాన్ని. అప్పటికి తాళాలు తీసే అటెండరు బాబాయి తప్ప ఎవరూ వచ్చేవారు కాదు. "ఇంత పొద్దున్నే ఎందుకమ్మా, టీ వచ్చే వేళకి రా, అప్పటికి అందరూ వస్తారు" అని ఆయన నా మీద జాలితోనే చెప్పేవాడు. ఇప్పుడు నేను సీనియర్ అసిస్టెంటుని. కొత్తగా చేరిన పిల్లలు చాలామంది నా దగ్గరికొచ్చి ఒకటే అడుగుతున్నారు: చుట్టూ ఎవరూ పని చేయనప్పుడు మనసు విరిగిపోకుండా మీరెలా నెట్టుకొచ్చారు మేడమ్ అని. నోటితో చెబితే సగమే చెప్పగలుగుతున్నాను, అందుకే రాస్తున్నాను.

నాకిచ్చింది ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు. శాఖలో పనిచేసేవాళ్ల ఇంక్రిమెంట్లు, సెలవులు, సర్వీస్ రిజిస్టర్లు, పెన్షన్ ప్రతిపాదనలు అన్నీ అక్కడే. చార్జి అప్పగించినాయన బీరువా తాళం చేతిలో పెట్టి "అన్నీ అందులోనే ఉన్నాయమ్మా" అన్నారు. చార్జి లిస్టు లేదు. బీరువా తెరిస్తే సర్వీస్ రిజిస్టర్లు గుడ్డ మూటల్లో ఉన్నాయి. ఏ మూటలో ఎవరివి ఉన్నాయో పైన రాసి లేదు. ఒకటి తీసి పేజీలు తిప్పాను. చేరిన తేదీ, వేలిముద్రలు, మొదటి ఇంక్రిమెంట్లు చక్కగా రాసి ఉన్నాయి. ఆ తర్వాత కొన్నేళ్లు ఖాళీ. సర్వీస్ వెరిఫికేషన్ అసలు లేదు.

ఈ వెరిఫికేషన్ అంటే పెద్ద పనేమీ కాదు. ఏడాదికోసారి "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సర్వీసును జీతం బిల్లులతో సరిచూడడమైనది" అని ఒక్క వాక్యం రాసి, ఆఫీసరు గారి సంతకం తీసుకోవాలి. ఆ వాక్యం లేకపోతే ఆ ఉద్యోగి రిటైరైనప్పుడు పెన్షన్ కాగితాలు అకౌంటెంట్ జనరల్ ఆఫీసు నుంచి వెనక్కి వస్తాయి. అప్పుడు ఎప్పటివో బిల్లుల కోసం ట్రెజరీ చుట్టూ తిరగాలి. దొరికితే అదృష్టం. ఈ సంగతి ఆ సీట్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసీ రాయలేదు, ఎందుకంటే ఆ ఉద్యోగి రిటైరయ్యేనాటికి ఆ సీట్లో తాము ఉండరు. ఈ రోజు చేయని పని కష్టం ఈ రోజు కనపడదు, ఎన్నో ఏళ్ల తర్వాత ఇంకెవరి మీదో పడుతుంది. ఆఫీసుల్లో నిర్లక్ష్యం అంత తేలిగ్గా బతికిపోవడానికి నాకు కనపడిన మొదటి కారణం ఇదే.

రెండోది జీతం సంగతి. నాకూ, రోజంతా పేపరు చదువుకునే పక్క సీటాయనకూ ఇంక్రిమెంటు ఒకే తీరుగా పడుతుంది. ఒకే పోస్టులో ఆరేళ్లు, పన్నెండేళ్లు, పద్దెనిమిదేళ్లు, ఇరవై నాలుగేళ్లు ఉంటే స్కేలు దానంతటదే మారుతుంది. అది తప్పని నేననను. ప్రమోషన్లు రాక ఎండిపోయిన ఉద్యోగులకు అది న్యాయమే. కానీ పని చేసినందుకు విడిగా దక్కేది ఏమీ లేదని కొత్తగా వచ్చినవాళ్లకు ఆరు నెలల్లో అర్థమైపోతుంది. పైగా నేను సీపీఎస్, అంటే కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీములో ఉన్నదాన్ని. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, బేసిక్, డీఏల మీద 10 శాతం నెలనెలా కటింగ్ పోతుంది. నాకు రాని పెన్షన్‌కు మిగతావాళ్ల కాగితాలు రాసే సీటు నాది. "నీకు లేని పెన్షన్ మాకెందుకమ్మా అంత శ్రద్ధగా రాస్తావు" అని ఒక పెద్దాయన అడిగారు కూడా. మీరు ముప్పై ఏళ్లు చేసిన సర్వీసు కదండీ, నా స్కీముతో మీకేం సంబంధం అన్నాను.

అప్పట్లో నాకు అందరి మీదా కోపంగా ఉండేది. అది తగ్గింది మా సెక్షన్లో ఒక సీనియర్ వల్ల. ఆయన ఫైలు మీద ఒక్క అక్షరం రాసేవారు కాదు. ఏ ఫైలు వెళ్లినా "చర్చించండి" అనో, "పై నుంచి క్లారిఫికేషన్ అడుగుదాం" అనో అనేవారు. రూల్స్ మాత్రం కంఠతా వచ్చు. ఎఫ్.ఆర్. (ఫండమెంటల్ రూల్స్), ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్, ఏది అడిగినా పేజీతో సహా చెప్పేవారు. ఇంత తెలిసిన మనిషి ఎందుకిలా ఉన్నారో ఒక మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకున్నప్పుడు అడిగేశాను. పదేళ్ల కిందట ఆయన రాసిన ఒక జీత స్థిరీకరణ మీద ఆడిట్ అభ్యంతరం వచ్చిందట. సంతకం పెట్టిన అధికారి అప్పటికే రిటైరై వెళ్లిపోయారు. రికవరీ ఈయన జీతంలోంచి చేశారు, చార్జి మెమో ఈయనకే ఇచ్చారు, ప్రమోషన్ వెనక్కి పోయింది. "ఆ నెలలో ఆఫీసులో ఇంకెవరికీ మెమో రాలేదమ్మా. ఎందుకంటే ఇంకెవరూ ఏమీ రాయలేదు" అన్నారు.

ఆ మాట నాకు చాలాకాలం గుర్తుండిపోయింది. పని చేస్తే తప్పు దొరుకుతుంది, చేయకపోతే ఆలస్యం తప్ప ఏమీ దొరకదు. ఆలస్యానికి ఎవరికీ శిక్ష పడదు. మనం బద్ధకం అనుకునేదాంట్లో చాలా భాగం భయమే. ఆయన్ని చూసి నేను నేర్చుకున్నది ఒకటుంది. రూలు తెలియకుండా శ్రద్ధ ఒక్కటే ఉంటే అది మనల్ని ముంచుతుంది. అందుకే డిపార్ట్‌మెంటల్ టెస్టులను ప్రమోషన్ కోసమని కాకుండా నా కోసమని చదివాను. నోట్ ఫైల్లో నేను రాసే ప్రతి ప్రతిపాదన కింద ఏ రూలు, ఏ జీఓ ప్రకారమో రాస్తాను. రూలు కాగితం జిరాక్సు కరెంట్ ఫైల్లో పెడతాను. అలా రాసిన ఫైలు మీద సంతకం పెట్టడానికి అధికారికి భయం ఉండదు, నాకూ రాత్రి నిద్ర పడుతుంది.

కొర్రీల గురించి, అంటే ఏదో తక్కువైందని రాసి ఫైలు వెనక్కి పంపడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పని ఎగ్గొట్టడానికి ఆఫీసులో అన్నిటికంటే మర్యాదైన దారి అదే. ఫైలు చూడకుండా పక్కన పడేస్తే ఎవరైనా అడుగుతారు. కొర్రీ వేసి వెనక్కి పంపితే పని చేసినట్టే లెక్క. మా జిల్లాలో ఒక నైట్ వాచ్‌మన్ సర్వీసులో ఉండగానే చనిపోయాడు. ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ ఫైలు వేరే సీట్లో ఉండేది. మొదట ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆమె తహసీల్దారు ఆఫీసుకు తిరిగి తెచ్చింది. తెచ్చాక, నామినేషన్ కాగితం లేదన్నారు. అది ఆఫీసులోనే ఉండాల్సిన కాగితం. తర్వాత ఫొటో మీద అటెస్టేషన్ లేదన్నారు. తర్వాత పేరులో ఒక అక్షరం తేడా ఉందన్నారు. అన్నీ నిజమే, కావలసినవే. కానీ మొదటి రోజు ఫైలు పూర్తిగా చదివి ఉంటే నాలుగూ ఒకే కాగితం మీద రాసివ్వొచ్చు. ఆమె కూలి మానుకుని బస్సెక్కి వచ్చేది. ఒకసారి ప్లాస్టిక్ కవర్లోంచి కాగితాలన్నీ నా టేబుల్ మీద పరిచి, "ఇందులో ఏది తక్కువైందో నువ్వన్నా చెప్పు తల్లీ" అంది.

ఆ ఫైలు నాది కాదు. పక్క సీటు ఫైల్లో చెయ్యి పెడితే గొడవవుతుంది, నిజానికి పెట్టకూడదు కూడా. కానీ ఆమె కొడుక్కి కారుణ్య నియామకం కోసం ఇంకా అర్జీ పెట్టలేదని ఆ మాటల్లో తెలిసింది. పెన్షన్ తేలాక చూద్దామని ఎవరో చెప్పారట. కారుణ్య నియామకానికి ఉద్యోగి చనిపోయిన ఏడాదిలోపు అర్జీ పెట్టుకోవాలి, పెన్షన్ కోసం ఆగాల్సిన పనే లేదు. గడువు దాటితే ఆ కుటుంబానికి ఆ దారి మూసుకుపోతుంది. వెంటనే అర్జీ రాయించి, తపాల్లో ఇచ్చి, తేదీతో ముద్ర వేయించుకుని రశీదు దగ్గర పెట్టుకోమన్నాను. అది ఏ పౌరుడికైనా చెప్పగల మాట, ఎవరి సీట్లోనూ తలదూర్చినట్టు కాదు. ఆ ముద్ర ఉన్న కాగితమే తర్వాత ఆ కుర్రాడిని కాపాడింది. ఆ రోజు నుంచి నా సీటుకు ఒక నియమం పెట్టుకున్నాను. కొర్రీ వేయాల్సి వస్తే ఫైలు చివరి పేజీ వరకు చదివాకే వేస్తాను, కావలసినవన్నీ ఒకే మెమోలో అడుగుతాను, ఆఫీసులోనే దొరికే కాగితం బయటివాళ్లను అడగను. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, సర్క్యులర్లలో ఎన్నోసార్లు చెప్పిందే.

ఇక అసలు కష్టం. కొన్నాళ్లకు "ఆ అమ్మాయికి ఇస్తే అయిపోతుంది" అనే పేరు వచ్చింది. మొదట మంచి పేరని సంతోషించాను. తర్వాత తెలిసింది దాని ధర. ఒకరు లాంగ్ లీవు పెడితే ఆ సీటు నాకే. గ్రీవెన్స్ సోమవారం వస్తే అర్జీలు ఆన్‌లైన్లో ఎక్కించడం నాకే. ఎలక్షన్ డ్యూటీ లిస్టులు నాకే. పక్క సీటాయన సరదాగా, "మా ఇద్దరి పనీ నీ ఒక్కదానికే బాగా వచ్చు" అనేవారు. సాయంత్రం ఏడైనా ఇంటికి వెళ్లలేకపోయేదాన్ని, పిల్ల హోంవర్కు మా అత్తయ్యగారే చూసుకునేవారు. ఒక దశలో నా సొంత సీటు ఫైళ్లు వెనకబడ్డాయి. పని చేయనివాళ్ల ఫైళ్లు ముందుకు వెళ్తున్నాయి, నా సీటు మీద ఉన్న పెన్షనరు ఎదురు చూస్తున్నాడు. అది శ్రద్ధ ఎలా అవుతుంది?

సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్లి మర్యాదగానే అడిగాను. "సార్, ఏ సీటైనా చూస్తాను. ఆఫీస్ ఆర్డర్ ఇవ్వండి, ఎప్పటి నుంచి ఎప్పటి వరకో రాయండి, పెండింగ్ ఫైళ్ల లిస్టుతో చార్జి ఇప్పించండి" అన్నాను. ఆయన ముఖం మాడ్చుకున్నారు. "ఇంత చిన్నదానికి కాగితాలెందుకమ్మా, సర్దుకోవాలి కదా" అన్నారు. నేను సర్దుకోనని అనలేదు, ఆర్డర్ కావాలని మాత్రమే అన్నాను. కాగితం రాయాలనేసరికి చాలా సీట్లు వాటంతటవే వాటి యజమానుల దగ్గరికి వెళ్లిపోయాయి. ఎందుకంటే ఆర్డర్లో కారణం రాయాలి, కారణం రాస్తే లీవు సంగతి బయటికి వస్తుంది. నిజంగా అవసరమైన ఒక సీటు మాత్రం ఆర్డరుతో ఇచ్చారు. అది చేశాను. కొత్తవాళ్లకు నేను ముందు చెప్పే సలహా ఇదే. నోటి మాట మీద అదనపు సీటు తీసుకోకండి. కాదని మొరాయించకండి, కాగితం అడగండి.

అందరికీ నచ్చలేదు. కొన్ని నెలలకు పై ఆఫీసుకు ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. నేను పెన్షన్ ఫైళ్లకు డబ్బు తీసుకుంటున్నానని, ఇచ్చినవాళ్లవే ముందు పంపుతున్నానని. ఆ రోజు టెన్షన్‌తో నా చేతులు ఆడలేదు. నిజానికి డబ్బు నా టేబుల్ దాకా వచ్చిన సందర్భాలున్నాయి. రిటైరైనవాళ్లు అలవాటుగా కవరు తీస్తారు, అది ఇవ్వకపోతే పనవదని వాళ్లకు ఎవరో నేర్పారు. వెనక్కి ఇస్తే ఇంకా ఎక్కువ అడుగుతున్నానేమో అని భయపడతారు. అందుకే నేను మాటలతో ఆపను, ఫైలు నెంబరు, ఏ రోజు పంపానో, ఎక్కడికి పంపానో చీటీ మీద రాసి చేతికిస్తాను. అది చూశాక కవరు జేబులోకి వెళ్లిపోతుంది.

ఉత్తరం మీద నా సంజాయిషీ అడిగారు. నన్ను కాపాడింది నా పి.ఆర్., అంటే పర్సనల్ రిజిస్టర్. సీటుకు వచ్చిన ప్రతి కాగితం ఏ రోజు వచ్చింది, దాని మీద ఏం చేశాం, ఎవరికి పంపాం, ఏ రోజు ముగిసింది అన్నీ అందులో ఎక్కించాలని డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్ చెబుతుంది. పై అధికారి దాన్ని క్రమం తప్పకుండా చూడాలి. మా ఆఫీసులో చాలామంది పి.ఆర్.లు తనిఖీకి ముందు రాత్రి రాసేవి. నేను రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చుని రాసేదాన్ని, ఈ-ఆఫీస్ వచ్చాక కూడా నా కోసం రాసుకుంటూనే ఉన్నాను. విచారణకు వచ్చిన అధికారి ఆ రిజిస్టరు తీసుకుని పెన్షన్ ఫైళ్లను వరసగా చూశారు. ముందు రిటైరయ్యేవాళ్ల కాగితాలు ముందు వెళ్లాయి. వెనక వెళ్లిన ప్రతి ఫైలుకూ కారణం ఎదురుగా రాసి ఉంది. ఆలస్యమైన చోట యాంటిసిపేటరీ పెన్షన్‌కు రాసిన నోట్లు కూడా ఉన్నాయి. రెగ్యులర్ పెన్షన్ తేలేలోపు కుటుంబం గడవడానికి ఆ వెసులుబాటు రూల్సులోనే ఉంది, కానీ రిటైరయ్యేవాళ్లకు ఆ మాట చెప్పేవాళ్లే ఉండరు. ఉత్తరాన్ని లాడ్జ్ చేశారు, అంటే చర్య అక్కర్లేదని మూసేశారు. ఎవరు రాశారో నాకు తెలుసుకోవాలనిపించలేదు, ఇప్పటికీ కనుక్కోలేదు.

2022లో పరిస్థితి ఇంకో మలుపు తిరిగింది. జనవరిలో రిటైర్‌మెంట్ వయసు 60 నుంచి 62కి పెరిగింది. పెద్దవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు, వాళ్ల వెనక ప్రమోషన్ కోసం లైన్లో ఉన్నవాళ్లు నీరుగారిపోయారు. వేతన సవరణలో బేసిక్ మీద కలిపే పెంపు, అంటే ఫిట్‌మెంట్, 23 శాతమని తేలింది. అంతకుముందు ఇచ్చిన మధ్యంతర భృతే (ఐఆర్) 27 శాతం. ఆ కోపం నాకూ ఉంది, నేనూ సంఘం పిలుపు మీద నల్లబ్యాడ్జీ పెట్టుకున్నాను. హక్కుల కోసం అడగడానికీ, సీటు మీద పని చేయడానికీ వైరుధ్యం ఉందని నాకెప్పుడూ అనిపించలేదు. ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. మా ఆఫీసునూ విడదీశారు. కొందరిని కొత్త జిల్లాకు కేటాయించారు, ఫైళ్లనూ సర్వీస్ రిజిస్టర్లనూ మండలాలవారీగా పంచి వ్యాన్లలో పంపాలి. ఎవరిది ఏ జిల్లాకు వెళ్తుందో సరిగ్గా చూడకపోతే ఒక మనిషి సర్వీసు మొత్తం దారిలో మాయమైపోతుంది. అప్పటికి నా బీరువాలో రిజిస్టర్లు మండలాలవారీగా, పేర్ల లిస్టుతో, వెరిఫికేషన్లు పూర్తయి ఉన్నాయి. లిస్టు రెండు కాపీలు తీసి, తీసుకున్నవాళ్ల సంతకం పెట్టించుకుని అప్పగించేశాను. పక్క సీట్లలో మాత్రం చాలా రోజులు మూటలు విప్పుతూనే ఉన్నారు.

ఆ వారంలోనే మా సీనియర్, ఫైలు మీద అక్షరం రాయని ఆయన, నా దగ్గరికొచ్చి కుర్చీ లాక్కున్నారు. ఆయన సెక్షన్లో దొరకని రిజిస్టర్ల లిస్టు నాతో కలిసి తయారు చేశారు. ట్రెజరీకి వెళ్లి పాత బిల్లులు వెతికించే బాధ్యత తనే తీసుకున్నారు. నోట్ డ్రాఫ్టు చేతిరాతతో రాసి, కింద సంతకం పెట్టారు. అంత మంచి నోటు నేను ఎక్కడా చదవలేదు. ఆయన మారిపోయారని చెప్పను, తర్వాత మళ్లీ "చర్చించండి" అనడమే మొదలుపెట్టారు. కానీ ఏ రూలు మీదైనా నాకు అనుమానం వస్తే ఇప్పటికీ ఫోను చేసేది ఆయనకే.

తోటివాళ్లతో ఎలా ఉండాలో కూడా అడుగుతుంటారు. నేను ఎవరికీ నీతులు చెప్పను, ఎవరి గురించీ పైకి మోయను. టీకి పిలిస్తే వెళ్తాను. ఇంట్లో శుభకార్యమైతే వెళ్తాను. ముఖ హాజరు యాప్ వచ్చాక అందరూ టైముకు వస్తున్నారు. అది మంచిదే, కానీ ముఖం చూపించాక ఏం చేస్తున్నారో ఆ యాప్ చూడలేదు కదా. అయిదు దాటాక నేను ఇంటికి వెళ్లిపోతాను, క్యాజువల్ లీవులు వాడుకుంటాను. పండక్కి పుట్టింటికి వెళ్తాను. రాత్రి దాకా కూర్చోవడమే శ్రద్ధ అనుకునే కొత్తవాళ్లు రెండేళ్లలో అలసిపోయి, చివరికి పేపరు చదివే పక్క సీటాయన కంటే ఎక్కువ విరక్తిగా తయారవడం నేను చూశాను.

సూపరింటెండెంట్లు, జిల్లా అధికారులు ఎవరైనా ఇది చదువుతుంటే నాకు చెప్పాల్సినవి రెండున్నాయి. ఒకటి, పి.ఆర్.లు నిజంగా తెప్పించుకుని చూడండి, తనిఖీకి కాదు, నెలలో ఒక రోజు పెట్టుకుని. ఏ సీట్లో ఏ కాగితం ఎన్నాళ్లుగా కదల్లేదో అర గంటలో తెలిసిపోతుంది. రెండు, పని చేసేవాళ్లకు బహుమతిగా ఇంకొకరి పని ఇవ్వకండి. ఆగస్టు 15న ప్రశంసాపత్రం ఇచ్చి, ఆగస్టు 16న మూడో సీటు ఇస్తే ఆ పత్రాన్ని ఇంట్లో ఎక్కడ తగిలించాలో కూడా ఆ మనిషికి అర్థం కాదు. పెండింగ్ లెక్కలు తీసి సీట్లు సమంగా పంచండి. ఆ ఆర్డర్ మీద మీ సంతకం పెట్టి, ఒక కాపీ నోటీసు బోర్డు మీద అంటించండి.